నీడలో ఒక చూపు, ఎండలో ఒక చూపు

ఒకే అమ్మాయి కళ్ళకు మా ఆసుపత్రి ఒకే వారంలో రెండు సర్టిఫికెట్లు ఇచ్చింది. సోమవారం ఉదయం ఇచ్చినదాని మీద నా సంతకం ఉంది: రెండు కళ్ళకూ చూపు బాగుంది, లోపమేమీ లేదు. గురువారం మధ్యాహ్నం ఇచ్చినదాని మీద నా జూనియర్ డాక్టరు సంతకం ఉంది: రెండు కళ్ళకూ చూపు బాగా తగ్గింది, అంకెలు చదివే ఉద్యోగానికి పనికిరాదు. రెండింటి మీదా ఉన్నది ఒకటే ముద్ర. రెండూ ఒకే పోలీస్ స్టేషన్‌కు చేరాయి. శుక్రవారం ఎస్సై మా సూపరింటెండెంటుకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలో తప్పు పట్టడానికేమీ లేదు.

"సార్, వీటిలో దొంగది ఏది?"

కంటి విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఏదైనా పెద్ద కేసు చెప్పమంటారు. పెద్ద ఆపరేషన్లు చాలానే చేశాను. కానీ చక్కగా జరిగిన ఆపరేషన్ అంత చప్పటి కథ ఇంకొకటి ఉండదు. అందుకే ఈ రెండు సర్టిఫికెట్ల సంగతే చెబుతాను. ఇందులో ఆపరేషన్ లేదు, కత్తి లేదు. ఒక టేపు, ఒక టార్చిలైటు, శవాల గది గోడ ఉన్నాయి.

నేను రిటైరయ్యే ముందటి ఎండాకాలం అది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి మోసే లారీలు తిరిగే దారికి దగ్గర్లోనే మా ఆసుపత్రి. మే నెలలో ఆ దారిలో కుక్కలు లారీ నీడ చూసుకొని పడుకుంటాయి. లారీ కదిలితే అవీ లేచి నీడతోపాటు నాలుగడుగులు నడుస్తాయి. అంతకన్నా ఎక్కువగా ఆ ఎండ గురించి రాయనవసరం లేదు.

ఆ అమ్మాయి పని కాటా దగ్గర. లారీ తూకం వేసే వేబ్రిడ్జిని మా వైపు కాటా అనే అంటారు. లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడుతుంది. పక్కనున్న రేకుల గదిలో ఒక పెట్టె మీద ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ఆ అంకెలు చూసి చీటీ రాసి డ్రైవరుకు ఇవ్వాలి. నిజానికి చీటీ దానంతటదే అచ్చయి రావాలి. కానీ ఆ యంత్రం చెడిపోయి ఏడాదైందట. 'అమ్మాయి ఉంది గదా' అని కాటా ఓనరు దాన్ని బాగు చేయించలేదు. అమ్మాయికి ఇరవయ్యారేళ్ళు, డిగ్రీ పాసైంది. వాళ్ళది రాయచోటి. తండ్రి పోయాక తల్లీ కూతుళ్ళు ఈ వైపు వచ్చారు. తల్లి లారీ సీట్లకు కవర్లు కుడుతుంది.

పొద్దున రాసిన చీటీలన్నీ సరిగ్గా ఉండేవి. ఎండెక్కేకొద్దీ మూళ్ళు ఎనిమిదులయ్యేవి, ఆర్లు సున్నలయ్యేవి. సాయంత్రానికి మళ్ళీ అంతా సవ్యంగానే. ఓనరుకు ఇందులో కనిపించింది ఒకటే: డ్రైవర్లతో కుమ్మక్కు. తెలివిగా మధ్యాహ్నం పూటే చేస్తోంది, ఆ వేళకు తాను భోజనానికి పోతాడు గనుక. పోలీసులకు రాసి ఇచ్చేశాడు. ఎస్సై ఆ అమ్మాయిని పిలిస్తే "నాకు మధ్యాహ్నం పూట కనపడదు సార్" అంది. "అయితే డాక్టరుతో రాయించుకొని రా" అన్నాడాయన. రాయించుకొస్తే పొరపాటు, రాయించుకురాకపోతే మోసం కేసు. ఆమెకు పెళ్ళి సంబంధం ఒకటి నడుస్తోంది. తల్లికి పక్క వీధి నుంచి సీటు కవర్ల బేరాలు అప్పటికే ఆగిపోయాయి. దొంగ కూతురున్న ఇంట్లో కుట్టించుకోవడం ఎందుకని.

సోమవారం పొద్దున్నే, ఎండ రాకముందే, ఓనరు గుమాస్తా ఆమెను స్కూటర్ మీద తీసుకొచ్చాడు. నేను చీకటి గదిలో పరీక్ష చేశాను. ఆ గదిలో ఏసీ ఉంది. మనుషుల కోసం కాదు, లేజర్ యంత్రం వేడెక్కితే మొరాయిస్తుందని పెట్టారు. అమ్మాయి అక్షరాల బోర్డు పై నుంచి కింది దాకా గడగడా చదివింది. సర్టిఫికెట్టుకు కావలసింది అంతే. కంటి వెనక నరం ఎట్లా ఉందో చూడమని ఎవరూ అడగలేదు.

"కండ్లు బాగున్నాయి కదమ్మా" అన్నాను.

"ఇప్పుడు బాగనే ఉండాయి మేడం. ఎండెక్కితే పోతాయి. మళ్ళీ సల్లబడితే వస్తాయి."

"వేడి చేసుంటుంది. మజ్జిగ తాగు" అని సంతకం పెట్టాను.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. కడప, కర్నూలు జిల్లాల్లో వైద్యం చేసేవాళ్ళకు కొన్నాళ్ళకు ఒకరకం చెవుడు వస్తుంది. వేడి అన్న మాట వినిపించదు. కన్ను ఎర్రబడితే వేడి. కురుపు లేస్తే వేడి. నిద్ర పట్టకపోతే వేడి. మొగుడు కంచం విసిరేస్తే అదీ వేడే. కంట్లో రాతి ముక్క గుచ్చుకొని రక్తం కారుతూ వచ్చినవాడు కూడా "రెండు దినాలనుంచి శానా వేడి చేసింది మేడం" అనే మొదలుపెడతాడు. ఆ ముక్క పూర్తయ్యేదాకా మనం తల ఊపుతూ ఉండి, ఆ తరువాత వినడం మొదలుపెడతాం. ఆ అమ్మాయి చెప్పింది మాత్రం ఆ ఒక్క ముక్కే. తరువాత వినడానికి ఏమీ మిగల్లేదు.

నా సర్టిఫికెట్టు చూసి ఓనరు స్టేషన్‌లో బల్ల చరిచాడట. చూపున్న మనిషి తప్పు రాసిందంటే కావాలని రాసినట్టే గదా అని. తల్లి గుండె బాదుకొని, గురువారం తానే కూతుర్ని వెంటబెట్టుకొని బస్సులో నిలబడి వచ్చింది. మా ఆసుపత్రి ముందు వరసలో నిలబడి, వాళ్ళ వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. నేను ఆపరేషన్ల దగ్గర ఉన్నాను. జూనియరు వరండాలో చూస్తున్నాడు. కర్నూలు కుర్రాడు, మంచి చెయ్యి, కాస్త తొందర మనిషి. అమ్మాయి బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద అక్షరం ఒక్కటి చదివి ఆగిపోయింది. మామూలు చూపున్నవాళ్ళకు అరవై మీటర్ల దూరం నుంచి కనిపించే అక్షరం అది. ఈమె ఆరు మీటర్ల దగ్గర కళ్ళు చిట్లించి చదివింది. అతనికీ అదే మాట చెప్పింది, ఎండకు పోతుందని. అతను సబ్జా గింజలు నానబెట్టి తాగమని సంతకం పెట్టాడు.

కడపవాళ్ళం మజ్జిగ అంటాం, కర్నూలువాళ్ళు సబ్జా అంటారు. చెవుడు రెండు జిల్లాలకూ ఒకటే.

శుక్రవారం ఎస్సై ఫోన్ తరువాత సూపరింటెండెంటు మా ఇద్దర్నీ పిలిపించాడు. ఆయన ఎముకల డాక్టరు. చేతులు పెద్దవి, ఓపిక చిన్నది.

"ఏం కత ఇది మేడం? ఎముకన్నాక ఇరిగిందన్నా ఉంటాది, ఇరగకుండా అన్నా ఉంటాది. మీ కంటోళ్ళది ఏంది, సోమవారం ఒక మాదిరి, గురువారం ఒక మాదిరి?"

"నా పరీక్షలో తప్పు లేదు సార్" అన్నాను.

"నాదాంట్లోనూ లేదు సార్" అన్నాడు జూనియరు.

"ఇద్దరూ కరెక్టే అయితే ఇంగ నేను అబద్ధమా?" అన్నాడాయన.

ఆ రోజంతా మేమిద్దరం మాట్లాడుకోలేదు. నా లెక్కలో అతను బోర్డును దూరంగా పెట్టి ఉంటాడు. ఆరు మీటర్లంటే ఆరు మీటర్లే ఉండాలని, ఆయాలు కుర్చీ జరుపుతారని, నేను ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులో టేపు పెట్టుకొనేదాన్ని. వరండా దూరాన్ని వెళ్ళి కొలిచాను. సరిగ్గా ఉంది. నాకు మరింత కోపం వచ్చింది. అతని లెక్కలో పెద్దావిడకు వయసు మీద పడి, అమ్మాయి బోర్డును బట్టీ పట్టిందని తెలుసుకోలేకపోయింది. ఈ లోపల ఆసుపత్రిలో మూడో లెక్క ఒకటి తయారైంది. మాలో ఎవరో ఒకరు ఎవరింట్లోనో బిర్యానీ తిని సంతకం పెట్టారని. మా హెడ్ నర్సు నాకు తోడు నిలిచింది, తనకు చేతనైన పద్ధతిలో.

"మా మేడం తినదుప్పా. తిన్యా తూకం ఏసుకొని తింటాది."

శనివారం పదకొండు గంటలకు సూపరింటెండెంటు గదిలో విచారణ. అక్కడా ఏసీ ఉంది. ఎస్సై, కాటా ఓనరు, తల్లీ కూతుళ్ళు, జూనియరు, నేను. ఓనరు తెల్ల చొక్కా, చేతికి నాలుగు ఉంగరాలు, మాట పెద్దది. తల్లీ కూతుళ్ళు ఆ చల్లటి గదిలో అప్పటికే అరగంట నుంచి కూర్చొని ఉన్నారు. ఎస్సై వచ్చేదాకా మొదలుపెట్టకూడదని సూపరింటెండెంటు వాళ్ళను అక్కడే ఉంచాడు.

గోడకు బోర్డు తగిలించి చదవమన్నాను. బట్టీ పట్టిందన్న అనుమానం ఉండకూడదని కొత్త బోర్డు తెప్పించాను. అమ్మాయి ఒక కన్ను మూసి, తరువాత రెండో కన్ను మూసి, చివరి వరస దాకా చదివేసింది. అడుగున అచ్చేసిన వాళ్ళ పేరు కూడా చదివింది.

జూనియరు మొహం పాలిపోయింది. ఓనరు లేచి నిలబడ్డాడు.

"సూసినారా సార్! ఈ కండ్లతోనా మూడును ఎనిమిదని రాసింది? గద్ద కండ్లు ఇవి! దుడ్లు తిని డ్రైవర్లతో కలిసిపోయింది."

"ఏయ్, గద్ద అంటావా నా బిడ్డను!" తల్లి కుర్చీలోంచి లేచింది. "మొదట్నుంచీ చెప్తానే ఉండా గదమ్మా డాక్టరమ్మా, ఎండకు పోతాది అని! నీకు చెప్పినాం. ఈ పిలగాని డాక్టరుకు చెప్పినాం. ఎస్సై సారుకు చెప్పినాం. అందరూ తాగేదానికే చెప్తారు! మజ్జిగ తాగు, సబ్జా తాగు, బార్లీ తాగు! తాగీ తాగీ నా బిడ్డ కడుపు చెరువయింది గానీ కండ్లు రాలా! నెత్తికి ఆముదం పెట్టి పెట్టి దిండు గూడా జారిపోతాండాది!"

అందరూ నవ్వారు, అమ్మాయి కూడా. నేను మాత్రం ఒక్కసారిగా లెక్క చూసుకున్నాను. నేను చూసింది పొద్దున, ఏసీలో. జూనియరు చూసింది మధ్యాహ్నం, బస్సు దిగి ఎండలో నిలబడ్డాక. దూరం ఒకటే, బోర్డు ఒకటే, మనిషి ఒకటే. రెండు పరీక్షలకూ మధ్య మారింది ఒక్కటే. దాన్ని మేమిద్దరం విని పారేశాం.

"సార్, పరీక్ష బయట పెడదాం" అన్నాను.

"బయటంటే?"

"ఎండలో."

సూపరింటెండెంటు నావైపు, తరువాత కిటికీవైపు చూశాడు. "కమిటీ ఎండలో కూచుండేది యాడన్నా ఉందా మేడం?"

అమ్మాయే జవాబిచ్చింది. "కమిటీ నీడలో కూచోండి సార్. నన్ను ఎండలో కూచోబెట్టండి. నాకేం కొత్తా?"

ఆ తరువాత జరిగినదాన్ని ఊరేగింపు అనక తప్పదు. ముందు ఆయా కుర్చీ నెత్తిన పెట్టుకొని, వెనక జూనియరు అక్షరాల బోర్డు రెండు చేతులా పట్టుకొని, ఆ వెనక నేను టేపుతో, నా వెనక సూపరింటెండెంటు, ఎస్సై, గొడుగుతో ఓనరు. ఆవరణలో మేకు ఉన్న గోడ ఒక్కటే ఉంది, శవాల గదిది. దానికే బోర్డు తగిలించాం. "యా అల్లా, ఇంగ ఏ గోడా దొరకలేదా మీకు!" అని తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను టేపు పరిచి ఆరు మీటర్ల దగ్గర ముగ్గుపిండితో గీత గీయించాను. ఎస్సై కొలత మళ్ళీ చూడమన్నాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ఐదు నిమిషాల్లో ఆసుపత్రి మొత్తం బయటికొచ్చింది. సెలైన్ సీసా చేత్తో పట్టుకొని ఒకాయన, కట్టు కాలితో ఒకాయన, పురిటి వార్డు నుంచి అమ్మమ్మలు. అమ్మాయి కుర్చీలో ఎండకు మొహం పెట్టి కూర్చుంది. మొదటిసారి అడిగినప్పుడు చివరి వరస దాకా చదివింది. "సదివింది సదివింది!" అని జనం చప్పట్లు కొట్టారు. పందెం కాసినట్టే ఉంది.

కాసేపాగి మళ్ళీ అడిగాను. చివరి వరస పోయింది. ఇంకాసేపటికి దాని పై వరస. ఆమె ఒక అక్షరం దగ్గర ఆగేసరికి జనం అందించడం మొదలుపెట్టారు, పరీక్ష హాలు కిటికీ దగ్గర నిలబడినట్టు.

"గ! గ అనమ్మా!"

"గ గాదురా, శ అది!"

"మీరు నోరు మూసుకోండి!" అన్నాడు ఎస్సై.

"ఆడపిల్ల పాసు కావాల గద సార్!" అంది ఒక అమ్మమ్మ. ఆమెకు పాసు అయితే జైలని ఎవరూ చెప్పలేదు.

సెలైన్ సీసా పెద్దాయన కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు బోర్డు చూశాడు. తరువాత నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నాకూ ఆ కింద నాలుగు వరసలు కనపడ్లేదు. నా పేరు గూడా రాసుకోండి" అన్నాడు. ఆ పై సోమవారం ఆయన కళ్ళు పరీక్ష చేశాను. రెండు కళ్ళకూ శుక్లాలు. ఆ శనివారపు విచారణ వల్ల ముందుగా బాగుపడింది ఆయనే.

"లెటర్లు యాడికీ పోలేదు మేడం" అంది అమ్మాయి కళ్ళు చిట్లించి. చెమట చెంపల మీంచి కారుతోంది. "ఆడనే ఉండాయి. వాటి మీద ఎవరో సున్నం కొడ్తాండారు. తెల్లగా అయితాండాయి."

చివరికి పెద్ద అక్షరం ఒక్కటే మిగిలింది. జూనియరు నావైపు చూశాడు. గురువారం అతనికి దొరికింది సరిగ్గా అదే.

"యాక్టింగు సార్ ఇది!" ఓనరు గొడుగు ఊపాడు. "ఇంట్లో నేర్చుకొని వచ్చింది. వరస ప్రకారం పోగొడ్తాండాది!"

జనంలోంచి ఒక లారీ డ్రైవరు ముందుకొచ్చాడు. చేతికి కట్టు ఉంది. "ఏమన్నా, కుమ్మక్కు కుమ్మక్కు అంటాండావు. నా బండికి రెండు తడవలు ఎక్కువ తూకం ఏసింది ఆయమ్మ. ఫ్యాక్టరీ కాటాలో తక్కువొస్తే, దావలో రాయి అమ్ముకున్యానని నన్ను తిట్టినారు. నాతో కుమ్మక్కయితే నాకు ఎక్కువ ఏస్తాదా? తక్కువ గదా ఏసిండల్ల!"

"నీకెవరు చెప్పమన్యారు?" అన్నాడు ఓనరు.

"అడగకుండానే చెప్తాండా లే."

ఓనరు అన్న మాట నాకు గుచ్చుకుంది. నోటితో చెప్పేదేదైనా నటన కావచ్చు, నిజమే. నటించలేనిది కంటిపాప ఒక్కటే. వెలుగు పడితే ముడుచుకోవాలి, తీస్తే విప్పుకోవాలి. అది మన మాట వినదు. అయితే ఆ ఎండలో అందరి కంటిపాపలూ ఆవగింజల్లా ముడుచుకొనే ఉన్నాయి. చీకటి కావాలి. దగ్గర్లో ఉన్న చీకటి రెండే: శవాల గది, దాని ఎదురుగా నిలబెట్టిన అంబులెన్సు. తల్లి మొహం చూసి అంబులెన్సే అన్నాను. దాని ఏసీ వేయమంటే డ్రైవరు, "పేషెంటు ఎక్కితేనే ఏసీ మేడం, డీజిలు లెక్క చెప్పాల" అన్నాడు. "ఎక్కేది పేషెంటేనప్పా" అంటే, ఆమెను పైకీ కిందికీ చూసి, కష్టం మీద ఒప్పుకున్నాడు.

కిటికీలకు దుప్పట్లు కట్టి, అమ్మాయిని స్ట్రెచరు మీద కూర్చోబెట్టాం. ఓనరును పక్కనే కూర్చోమన్నాను. చూడవలసింది ఆయనే. టార్చి కుడికంటిలోకి వేశాను. రెండు పాపలూ ముడుచుకున్నాయి. టార్చిని చటుక్కున ఎడమకంటికి జరిపాను. వెలుగు నేరుగా పడుతున్నా ఆ పాప మెల్లగా పెద్దదైంది, ఎవరో దీపం ఆర్పేసినట్టు. మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకు. ఎన్నిసార్లు మార్చినా అంతే. ఆ కంటికి వెలుగు చేరుతోంది, కానీ వెనక నరం దాన్ని మెదడు దాకా సరిగా మోసుకుపోవడం లేదు.

"వెలుగేస్తే పెద్దదైతాంది!" ఓనరు గొంతు మొదటిసారి తగ్గింది. "నాదీ అట్లనే అయితాదేమో సూడండి మేడం."

ఆయనది మామూలుగానే ముడుచుకుంది. ఎస్సై తనదీ చూడమన్నాడు. తరువాత సూపరింటెండెంటు. అంబులెన్సు వెనక వరస కట్టారు.

వాళ్ళ కళ్ళు చూస్తూనే అమ్మాయిని అడిగాను. ఇంతకుముందు కళ్ళకు ఏమైనా అయిందా అని. రెండేళ్ళ కింద ఎడమ కన్ను తిప్పితే నొప్పి పుట్టి, మూడు వారాలు మసకబారి, దానంతటదే తగ్గిందట. ఆ రోజుల్లో ఎర్ర లారీ ఆ కంటికి పాత ఇటుకలాగా కనబడేదట. మరుసటేడు కుడి కంటికి కొంచెం అలాగే. "ఇంకేమన్నా ఉందా?" అన్నాను.

"కంటిది కాదు మేడం. మెడ కిందికి వంచితే వెన్నులో షాక్ కొడ్తాది. అది కాటా రూం కరెంటుది."

"అవును మేడం" అన్నాడు ఓనరు, తన మంచితనం చెప్పుకొనే సందు దొరికి. "నేనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగు రెండుసార్లు మార్పించినా!"

"ఇంట్లో గూడా కొడ్తాది" అంది అమ్మాయి.

జూనియరూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతకు ముందు రోజు నుంచీ అదే మొదటిసారి.

పిల్లలకు ఇక్కడ రెండు ముక్కలు. కంటి నరం కరెంటు తీగ లాంటిదే. లోపల తీగ, పైన తొడుగు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే జబ్బులో మన ఒంటి కాపలావాళ్ళే ఆ తొడుగును శత్రువనుకొని కొరికేస్తారు. మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఎక్కడైనా కొరకవచ్చు. చాలామందికి మొదట తెలిసేది కంటి దగ్గరే: కన్ను తిప్పితే నొప్పి, మసక, ఎరుపు వెలిసిపోవడం. కొన్ని వారాలకు చూపు తిరిగి వస్తుంది. తొడుగు మాత్రం మునుపటిలా రాదు. అరిగిన తీగలోంచి చల్లగా ఉన్నప్పుడు వార్త ఎలాగో వెళుతుంది. ఒళ్ళు వేడెక్కితే దారిలోనే జారిపోతుంది. చల్లబడితే మళ్ళీ నడుస్తుంది. కొత్తగా దెబ్బ తగిలినట్టు కాదు, పాత దెబ్బే బయటపడడం. వెన్నుపాము తొడుగు అరిగితే మెడ వంచినప్పుడు షాక్ కొట్టినట్టుంటుంది. దానికి ఎర్తింగు పని చేయదు.

ఆ తరువాత కర్నూలులో స్కానింగ్ తీయించాం. మెదడులో తెల్ల మచ్చలు కనిపించాయి. నరాల డాక్టరు మా అనుమానమే ఖాయం చేశాడు. జబ్బును మళ్ళీ మళ్ళీ రాకుండా అణచిపెట్టే మందులు మొదలయ్యాయి. పూర్తిగా పోయే జబ్బు కాదని ఆమెకు దాచకుండా చెప్పాం. ఇప్పుడు కర్నూలు దగ్గర మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం. అక్కడ అందరూ స్వెట్టర్లు వేసుకొని వణుకుతూ ఉంటే తనొక్కతే హాయిగా ఉంటానని ఫోన్‌లో చెప్పింది. పెళ్ళి సంబంధం ఏమైందని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

మళ్ళీ ఆ శనివారానికి వస్తాను. ఎస్సై కళ్ళ పరీక్ష కూడా అయ్యాక ఆయన అంబులెన్సు దిగి, "ఇంగ కేసు లేదు. నువ్వు వెనక్కి తీసుకుంటాండానని రాసియ్యప్పా" అన్నాడు. ఓనరు చెప్పాడు, ఎస్సై శవాల గది అరుగు మీద పెట్టి రాశాడు. ఆ లోపల అమ్మాయిని బయటికి రమ్మన్నారు. కాగితం తయారయ్యేదాకా ఆమె ఎండలో నిలబడింది. ఓనరు సంతకం పెట్టాక, ఆమె కూడా ఒప్పుకున్నట్టు కింద సంతకం పెట్టాలి. ఎస్సై పెన్ను అందించాడు.

ఆమె కాగితాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుంది. దూరంగా పెట్టి చూసింది. మళ్ళీ దగ్గరికి తెచ్చింది.

"ఏం రాసినారో కనపడ్లేదు సార్."

"నేను సదువుతా విను" అన్నాడు ఓనరు.

"వద్దన్నా. నేనే సదువుకుంటా. సల్లబడినాక."

ఆమె వెళ్ళి అంబులెన్సు ఎక్కి తలుపు వేసుకుంది. మేమంతా బయట నిలబడ్డాం. సూపరింటెండెంటు తలకు చేతిరుమాలు కట్టుకున్నాడు. ఎస్సై టోపీ తీసి విసురుకున్నాడు. ఓనరు గొడుగు కింద ఎస్సైకి సగం చోటిచ్చాడు, తరువాత మొత్తం ఇచ్చేశాడు. తలుపు తట్టడానికి ఒకరిద్దరు ముందుకు వెళ్ళారు గానీ, తట్టి ఏమనాలో తెలియక వెనక్కి వచ్చారు. డ్రైవరు మాత్రం డీజిలు ముల్లు చూస్తూ నిట్టూర్చాడు.

చివరికి తలుపు తెరుచుకుంది. ఆమె లోపలే కూర్చొని ఉంది.

"సార్, నాలుగో వరస. 'ఆమె తప్పును క్షమించి వదిలేస్తున్నాను' అని ఉండాది. నేనేం తప్పు చేసినానని అన్న నన్ను క్షమించేది?"

ఎస్సై ఓనరు వైపు చూశాడు. ఓనరు నావైపు చూశాడు. నేను బోర్డు వైపు చూశాను.

"ఉత్త మాటలేమ్మా, అట్ల రాసేది వాడుక" అన్నాడు ఓనరు.

"వాడుకైతే తీసేయండి."

ఎస్సై ఆ వరస కొట్టేసి ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు.

"కొట్టేసినా కిందిది కనపడ్తాంది సార్" అంది. "వేరే కాగితం రాయండి."